జ్ఞాపకశక్తి క్యాప్సూల్స్‌లో ఏ బ్రాండ్‌ను నమ్మవచ్చు?

ప్రశ్న: హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. గదిలో ఉన్న ఇద్దరు మిత్రులూ ఏకాగ్రత కోసం క్యాప్సూల్స్ వాడుతున్నారు. వాళ్లను చూసి నేనూ 1,799 రూపాయలు పెట్టి ఒక డబ్బా తెప్పించాను. పదకొండు పదార్థాలు, ‘ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ అనే ముద్ర, 4.6 రేటింగ్. ఇంకా తెరవలేదు. ఏ బ్రాండ్ నమ్మదగినదో, ఏ అమ్మకందారు నిజాయితీపరుడో తెలుసుకోవడం ఎలా? (థైరాయిడ్‌కు రోజూ ఉదయం మాత్ర వేసుకుంటాను. దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటున్నాను.)

సమాధానం:

మీరు అడిగింది ఏ బ్రాండ్‌ను నమ్మాలని. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నా బ్రాండ్ పేరు చూసి మంచిదో కాదో చెప్పడం నాకు చేతకాదు. ఒక బ్యాచ్ గురించి మాత్రం చెప్పగలను, అదీ కాగితం చేతిలో ఉంటే. అందుకే నా సమాధానం చిన్నది: డబ్బా మీదున్న బ్యాచ్ నంబరు చెప్పి, ఆ బ్యాచ్ పరీక్ష నివేదిక పంపమని అమ్మేవాళ్లను అడగండి. పంపితే చదవండి. పంపకపోతే కొనకండి. మీ దగ్గరున్న డబ్బాకు మాత్రం అంత శ్రమ కూడా అక్కర్లేదు, తెరవకుండా వెనక్కి పంపేయండి. ఎందుకో చెబుతాను. థైరాయిడ్ సంగతి చివర్లో రాస్తున్నాను, అది చదవకుండా వెళ్లకండి.

నేను ఎవరినంటారా, నగర శివార్లలోని ఒక ప్రైవేటు పరీక్షా ల్యాబ్‌లో ఉద్యోగిని. మూలికల పొడులు, వాటి సారాలు, వాటితో చేసిన క్యాప్సూల్స్ మా దగ్గరికి వస్తాయి. మొదట్లో పదేళ్లు యంత్రం దగ్గర కూర్చున్నాను, ఇప్పుడు నివేదికల మీద సంతకం పెడుతున్నాను. ఏ కంపెనీతోనూ నాకు వాటా లేదు. ఏ పేరూ చెప్పను, అడగకండి.

ముందు మీ డబ్బా మీది ముద్ర సంగతి. ఎఫ్‌డీఏ అంటే అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఆహార సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ ఆమోదం అవసరం లేదు, వాళ్లు ఇవ్వరు కూడా. కాబట్టి సప్లిమెంట్ మీద ‘ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ అని ఉంటే అది అబద్ధం. ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్ ఫెసిలిటీ’ అని ఉంటే అబద్ధం కాకపోవచ్చు, కానీ ఫ్యాక్టరీ పేరు వాళ్ల జాబితాలో నమోదైందనే తప్ప అందులో తయారైన సరుకు గురించి అది ఏమీ చెప్పదు. లేబుల్ మీద ఒక అబద్ధం దొరికాక మిగిలింది చదవడం నేను మానేస్తాను. అందుకే మీ డబ్బా విషయంలో అంత తేలిగ్గా తీర్పు చెప్పాను.

మన దేశంలో ‘మెదడుకు మంచిది’ అని అమ్మే సరుకు మూడు అరల్లో ఉంటుంది. ఒకటి అల్లోపతి మందు: పిరాసెటమ్ లాంటివి. అసలు నూట్రోపిక్ (మెదడు చురుకుదనానికి వాడేది) అనే మాట పుట్టిందే దాని చుట్టూ. బెల్జియంలో పనిచేసిన కార్నెలియు జుర్జియా అనే శాస్త్రవేత్త 1972లో ఆ మాట వాడుకలోకి తెచ్చారు. రెండోది ఆయుర్వేద మందు, దానికి రాష్ట్ర ఆయుష్ లైసెన్సు ఉండాలి. మూడోది, ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేది, ఆహార సప్లిమెంట్. దీనికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు, 14 అంకెల నంబరు. డబ్బా మీద ‘హెల్త్ సప్లిమెంట్’ లేదా ‘న్యూట్రాస్యూటికల్’ అనీ, ఇది మందుగా వాడటానికి కాదనీ ఉండి తీరాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఔషధ నియమాల్లో షెడ్యూల్ ‘జే’ అని ఒక జాబితా ఉంది, ఫలానా వాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని. క్యాన్సర్, మధుమేహం, బట్టతల, ఎత్తు పెరగడం వంటి వాటితో పాటు ‘మెదడు సామర్థ్యం పెంచడం, జ్ఞాపకశక్తి మెరుగుపరచడం’ కూడా అందులో ఉంది. మందే అనకూడదన్న మాటను మీ ఆహార సప్లిమెంట్ డబ్బా పెద్ద అక్షరాల్లో అంటోంది చూడండి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో వేసి చూడండి, రెండు నిమిషాల పని. కంపెనీ పేరు, చిరునామా, గడువు కనిపిస్తాయి. డబ్బా మీది పేరుకూ అక్కడి పేరుకూ పొంతన లేకపోతే అక్కడితో ఆపేయండి. పొంతన ఉన్నా సంబరపడవద్దు. లైసెన్సు ఉందంటే దుకాణం ఉందని అర్థం, సరుకు మంచిదని కాదు. ఇంకొకటి: ‘తయారీదారు’ ఎవరు, ‘మార్కెట్ చేసేవారు’ ఎవరు అని వేరువేరుగా రాసి ఉంటుంది, రెండూ చూడండి. హిమాచల్‌లోని బద్దీలోనో ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్‌లోనో ఒకే ఫ్యాక్టరీ పది బ్రాండ్లకు క్యాప్సూల్స్ నింపి ఇవ్వడం మామూలే. మీరు, మీ మిత్రులు ఏ బ్రాండ్ గొప్పదని వాదించుకుంటున్నారో, అవి రెండూ ఒకే యంత్రం నుంచి వచ్చినవి కావచ్చు.

తర్వాత కూడిక చేయండి. దీనికి ల్యాబ్ అవసరం లేదు. సాధారణంగా వాడే సున్నా సైజు క్యాప్సూల్‌లో సుమారు 500 మిల్లీగ్రాముల పొడి పడుతుంది. పొడి బరువును బట్టి కాస్త అటూ ఇటూ. రోజుకు రెండు అంటే ఒక గ్రాము. అందులో బ్రాహ్మి 300, అశ్వగంధ 300, లయన్స్ మేన్ పుట్టగొడుగు 500, ఆల్ఫా జీపీసీ (కోలిన్ అనే పోషకాన్ని ఇచ్చే పదార్థం) 300, పైగా ఇంకో ఏడు పదార్థాలు అని రాస్తే, మొదటి నాలుగే 1,400 అయ్యాయి. మిగతా ఏడు ఎక్కడ కూర్చుంటాయి? పదకొండు పదార్థాల డబ్బాల్లో చాలావాటికి ఈ కూడికే కుదరదు. అందుకే తెలివైనవాళ్లు విడివిడి లెక్క రాయకుండా అన్నీ కలిపి ‘ప్రొప్రైటరీ బ్లెండ్ 1,000 మి.గ్రా.’ అని రాసేస్తారు. అప్పుడు అందులో 900 మిల్లీగ్రాములు చవక పొడి ఉన్నా అడిగే వీల్లేదు. అలాంటి డబ్బా ఎంత పెద్ద పేరున్నదైనా నేను కొనను.

బరువు సరిపోయినా, ఏ పదార్థం బరువు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆల్ఫా జీపీసీ గాలి తగిలితే చెమ్మ పీల్చి బంకగా మారే పదార్థం. అందుకే సాధారణంగా సిలికా కలిపి 50 శాతం పొడిగా అమ్ముతారు. లేబుల్ మీది 300 ఆ పొడి బరువైతే అసలు మందు 150. మెగ్నీషియం థ్రియోనేట్ కూడా అంతే. రెండు గ్రాములు మింగితే లోపలికి వెళ్లే మెగ్నీషియం 144 మిల్లీగ్రాములే. తప్పు రాశారని అనలేం, పెద్ద అంకెను ముందు పెట్టారంతే.

ఇక బ్రాహ్మి. నేను జీవితంలో ఎక్కువ కాలం గడిపింది దీనితోనే కాబట్టి కాస్త సాగదీస్తాను, భరించండి.

బ్రాహ్మి అన్న పేరుతో రెండు మొక్కలు తిరుగుతున్నాయి. ఒకటి బకోపా: తేమ నేలల్లో పాకే మొక్క, చిన్న మందపాటి నున్నని ఆకులు. రెండోది మనం సరస్వతీ ఆకు అనేది, సెంటెల్లా: గుండ్రంగా, తొడిమ దగ్గర చీలికతో ఉండే ఆకు. ఉత్తరాదిలో చాలాచోట్ల ఈ రెండోదాన్నే బ్రాహ్మి అంటారు. రెండూ మన వైద్యంలో ఉన్నవే, ఏదీ దొంగ మొక్క కాదు. కానీ జ్ఞాపకశక్తి మీద జరిగిన ప్రయోగాల్లో తరచుగా కనిపించేది బకోపా. ప్రకటనలో బకోపా ప్రయోగాన్ని చూపించి డబ్బాలో సెంటెల్లా పోస్తే ఎలా? పొడి అయ్యాక కంటికి రెండూ పచ్చ పొడులే. యంత్రంలో మాత్రం తేడా దాగదు. బకోపాకు తనవైన బకోసైడ్లు అనే పదార్థాల పీక్‌లు (గీతలో లేచే శిఖరాలు) వరుసగా వస్తాయి, సెంటెల్లా అయితే దానిదైన ఏషియాటికోసైడ్ లేస్తుంది. కాబట్టి లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం వాడారు అన్నవి లేకుండా ‘బ్రాహ్మి సారం’ అని మాత్రమే ఉంటే వదిలేయండి.

మొక్క సరైనదే అనుకుందాం. ‘బకోసైడ్లు 50 శాతం’ అని ఉంటుంది. ఏ పద్ధతిలో 50? యూవీ పద్ధతిలో పొడిని కరిగించి కాంతి ఎంత పీల్చుకుందో చూస్తారు. ఆ కాంతిని బకోసైడ్ ఒక్కటే పీల్చుకోదు, దాని చుట్టాలూ పీల్చుకుంటాయి, అన్నీ కలిసి అంకె పెద్దదవుతుంది. హెచ్‌పీఎల్‌సీ అనే యంత్ర పద్ధతిలో ఒక్కొక్క పదార్థాన్ని విడదీసి కొలుస్తారు కాబట్టి అంకె చిన్నది, నమ్మదగినది. నా దగ్గరికి వచ్చిన ఒక నమూనా యూవీలో 50 దాటింది, హెచ్‌పీఎల్‌సీలో 20 కూడా రాలేదు. ఒకే సంచిలోని పొడి. నివేదిక పంపిన సాయంత్రం ఆ కంపెనీ కొనుగోళ్ల మనిషి ఫోన్ చేశాడు. కోపంగా ఏమీ లేడు, చాలా మర్యాదగా, “సార్, ఆ రెండో పేజీ తీసేసి పంపగలరా?” అని అడిగాడు. మేము తీయలేదు. తర్వాతి నెల నుంచి వాళ్ల నమూనాలు రావడం మానేశాయి. ఎక్కడో ఒకచోట ఆ రెండో పేజీ లేకుండా ఇచ్చేవాళ్లు దొరికే ఉంటారు.

అందుకే శాతం పక్కన పద్ధతి పేరు చూడండి. హెచ్‌పీఎల్‌సీలో తక్కువ శాతం రాసుకున్న కంపెనీ, యూవీలో ఎక్కువ రాసుకున్న కంపెనీకన్నా నాకు నచ్చుతుంది. చిన్న అంకె ప్రకటించడానికి ధైర్యం కావాలి.

అశ్వగంధలో మోసం మరో రకం. వాడాల్సింది వేరు. ఆకులు చవక, పైగా వితనోలైడ్ల (అశ్వగంధలో కొలిచే ముఖ్య పదార్థాలు) శాతం అందులో తేలిగ్గా వచ్చేస్తుంది. ఆకుల్లో వితాఫెరిన్-ఏ అనే పదార్థం ఎక్కువ, అది ఎక్కువగా ఉండటం మంచిది కాదు. ఆకులు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకు సూచించింది. ‘వేరు సారం’ అని ఉండాలి, వితాఫెరిన్-ఏ ఎంతో నివేదికలో ఉంటే ఇంకా మంచిది.

పుట్టగొడుగుల పొడికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. లయన్స్ మేన్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని పుట్టగొడుగులే కావు. బియ్యం మీదో ఓట్స్ మీదో దాని బూజు పెంచి, గింజలతో సహా ఎండబెట్టి రుబ్బిన పొడి. క్యాప్సూల్ విప్పి తెల్ల సాసర్‌లో చిటికెడు పొడి వేసి, నీళ్లతో తడిపి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. పసుపుగానో గోధుమ రంగుగానో ఉండిపోతే సరే. చూస్తుండగానే నల్లని నీలం పాకితే అది పిండి. మా ఇంట్లో ఒక ఆదివారం మా తమ్ముడు తెచ్చిన డబ్బాతో ఇలాగే చేశాను. సాసర్ మొత్తం కాటుక పూసినట్టయింది. మా అమ్మ చూసి “దీనికన్నా గంజి తాగితే పోయేది కదరా” అంది. (లేబుల్‌లో స్టార్చ్ కలిపామని ముందే రాసి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు.) నివేదికలో ‘పాలీశాకరైడ్లు 30 శాతం’ అని ఉంటే మోసపోకండి, పిండి కూడా పాలీశాకరైడే. పుట్టగొడుగులో ఉండే ‘బీటా గ్లూకాన్లు’ అని ఉండాలి.

ఇప్పుడు నివేదిక చదవడం. దీన్ని మేము సీఓఏ అంటాం. నేను ముందు చూసేది శాతాలు కాదు, పైభాగం: బ్యాచ్ నంబరు డబ్బా మీదున్నదేనా, పరీక్ష తేదీ తయారీ తేదీ తర్వాతదేనా, ల్యాబ్ ఎవరిది, దానికి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా. ల్యాబ్ పేరు ఎన్‌ఏబీఎల్ జాబితాలో వెతకవచ్చు. అనుమానం వస్తే నివేదిక నంబరు చెప్పి ఆ ల్యాబ్‌కే రాయండి. మాకు అలాంటి మెయిల్స్ వస్తుంటాయి. మా పేరుతో మేము ఎన్నడూ ఇవ్వని నివేదిక ఒకటి అలాగే బయటపడింది.

తర్వాత అంకెలు. అన్ని వరుసల్లోనూ ‘సరిపోయింది’ అని మాత్రమే ఉండి అంకె లేకపోతే అది నివేదిక కాదు. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం నాలుగూ విడివిడిగా ఉండాలి. మూలికలకు మన దగ్గర వాడే పరిమితులు పది లక్షల భాగాలకు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. ఇది ఛాదస్తం కాదు. బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 వాటిలో భార లోహాలు ఉన్నాయని 2004లోనే ఒక అధ్యయనం అచ్చయింది.

ఒకసారి ఒక చిన్న బ్రాండ్ యజమాని తన సరఫరాదారు ఇచ్చిన మూడు బ్యాచ్‌ల కాగితాలు పట్టుకుని వచ్చాడు. తేదీలు వేరు, నంబర్లు వేరు. తేమ శాతం మూడింటిలోనూ 3.42. పొడిలో తేమ వానాకాలం ఒకలా, వేసవిలో ఒకలా ఉంటుంది. మూడు నెలల పాటు రెండో దశాంశం దాకా కదలకుండా ఉండదు. మొదటి కాగితాన్నే తేదీ మార్చి పంపుతున్నారు. ఆయన కూడా పాపం మోసపోయినవాడే, అప్పటికే ఆ పొడితో అమ్మకం సాగిపోయింది. మీరూ ఇలా చూడవచ్చు: ఒకే ఉత్పత్తి రెండు బ్యాచ్‌ల నివేదికలు అడగండి. అంకెలన్నీ కవల పిల్లల్లా ఉంటే దూరంగా ఉండండి.

అడిగితే ఏమవుతుందో చూడాలని ఆ మధ్య నేనే మామూలు కొనుగోలుదారుగా నలుగురు అమ్మకందారులకు మెయిల్ పెట్టాను. మూడు వాక్యాలు: ఫలానా బ్యాచ్ నివేదిక పంపండి, ఏ ల్యాబ్, ఏ పద్ధతి. ఒకరు మర్నాటికే రెండు పేజీలు పంపారు. ఒకరు అది రహస్యమన్నారు. మీ డబ్బాలో సీసం ఎంతో చెప్పడం వ్యాపార రహస్యం ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. మూడోవారు జవాబుగా 15 శాతం తగ్గింపు కూపన్ పంపారు. నాలుగోవారి నుంచి ఇప్పటికీ ఏమీ రాలేదు. మొదటివారి సరుకు గొప్పదని అనను, కానీ తప్పు జరిగితే అడగడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

రేటింగుల మీద ఎక్కువ రాయను. నాలుగున్నర నక్షత్రాలు పార్సిల్ సమయానికి వచ్చిందని చెబుతాయి. డబ్బాలో ‘ఐదు నక్షత్రాలు ఇస్తే ఇంకో డబ్బా ఉచితం’ అన్న కార్డు ఉంటే ఆ రేటింగ్ ఎలా వచ్చిందో తెలిసిపోయినట్టే. ఆన్‌లైన్‌లో ‘అమ్మేవారు’ అన్న చోట బ్రాండ్ పేరే ఉందో, ఎవరో మూడో మనిషి పేరుందో మాత్రం చూడండి.

“మన దగ్గర ఇలాగే ఉంటుంది, అమెరికా బ్రాండ్ తెప్పించుకుంటే గొడవ ఉండదు” అని డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు అంటుంటాడు. అక్కడ యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ అనే స్వతంత్ర సంస్థల ముద్రలున్న సరుకును నేను నమ్ముతాను, వాళ్లు నిజంగా పరీక్షిస్తారు. కానీ మెదడు సప్లిమెంట్లలో ఆ ముద్ర ఉన్నవి తక్కువ. అక్కడి పరిశోధకులు పది సప్లిమెంట్లను పరీక్షిస్తే, అమెరికాలో ఆమోదం లేని ఐదు రకాల మందులు బయటపడ్డాయి. జెల్లీఫిష్‌లో దొరికే ప్రొటీన్ అంటూ టీవీల్లో హోరెత్తించిన ప్రెవజెన్ మీద అక్కడి ప్రభుత్వ సంస్థలు 2017లో కేసు వేస్తే, జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ప్రకటనలు ఆపమని కోర్టు ఆదేశించేసరికి 2024 చివరికొచ్చింది. అన్నాళ్లూ అది పెద్ద పెద్ద మందుల దుకాణాల్లో దర్జాగా అమ్ముడుపోయింది. విదేశీ డబ్బా ఇక్కడ కొంటే దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుతో స్టిక్కర్ ఉండాలి. లేకపోతే అది ఎవరి సూట్‌కేసులోనో వచ్చింది.

మొదటి రోజే పనిచేస్తే అనుమానించండి. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది. బకోపా ప్రయోగాలు సాధారణంగా రోజుకు 300 మిల్లీగ్రాముల సారంతో 12 వారాలు సాగాయి. ఫలితం కనిపించినవాటిలోనూ అది మెల్లగా, కొద్దిగా. బకోపా వేసుకున్న గంటలో నిద్ర ఎగిరిపోయి పుస్తకం పట్టుకుంటే వదలబుద్ధి కాలేదంటే, అందులో బకోపా కానిది ఏదో ఉంది. అదృష్టం బాగుంటే కెఫీన్, లేకపోతే ఇంకేదో. మీ మిత్రులను ఈ ప్రశ్న అడిగి చూడండి. టెలిగ్రామ్‌లో చీటీ లేకుండా మొడాఫినిల్ (నిద్ర రాకుండా చేసే మందు) అమ్మేవాళ్ల గురించి అయితే నమ్మకం, అపనమ్మకం అన్న చర్చే లేదు. అది డాక్టర్ రాయాల్సిన మందు, దాన్ని చీటీ లేకుండా పంపేవాడు ఏం పంపుతున్నాడో అడిగే దారి మీకు లేదు.

అసలైన సరుకు దొరికినా పనిచేస్తుందన్న పూచీ లేదు. జింకో అనే చెట్టు ఆకుల సారాన్ని మూడు వేల మందికి పైగా వృద్ధులకు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు, మతిమరుపు జబ్బును ఆపలేదని 2008లో తేలింది. మీ పరీక్ష రెండు నెలల్లో ఉంటే బకోపా అందుకోదు. అప్పటికప్పుడు ఏకాగ్రతకు మెరుగైన ఆధారాలున్నది కెఫీనే, దానికి థియనైన్ (టీ ఆకులో ఉండే పదార్థం) తోడైతే ఇంకొంచెం నయం. మీ వీధి చివర కాఫీ కొట్టుకు సీఓఏ ఎవరూ అడగరు.

ఇక థైరాయిడ్. సంబంధం ఉంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచవచ్చు, మీరు వేసుకునే మాత్ర మోతాదు దానివల్ల అటూ ఇటూ కావచ్చు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా నమోదయ్యాయి. డబ్బాలో మెగ్నీషియం ఉంటే ఉదయం థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇవి స్వచ్ఛమైన సరుకుతోనే వచ్చే ఇబ్బందులు, ఏ ల్యాబ్ నివేదికా వీటిని ఆపలేదు. నేను రసాయన పరీక్షలు చేసేవాడిని, వైద్యుణ్ని కాదు. కాబట్టి ఇకముందు ఏది కొనాలనుకున్నా లేబుల్ వెనక భాగం ఫోటో తీసి మీకు థైరాయిడ్ మాత్ర రాసిన డాక్టర్‌కు ముందు చూపించండి. గదిలోని మిత్రుల డబ్బా నుంచి ఇప్పటికే ఒకటి రెండు వేసుకుని ఉంటే అదీ చెప్పండి.